రేకు వ్యాగన్‌ను "పైలట్ పీస్" అంటున్నారు, ₹85,000 పెట్టొచ్చా?

కీబండి_నల్లకుంట
అందరికీ నమస్కారం. సికింద్రాబాద్‌లో ఒక పాత ఇంటి సామాను అమ్మకానికి పెట్టారు. అందులో 'ఓ' గేజ్ (బొమ్మ రైళ్ల పట్టాల కొలతల్లో ఒకటి) రేకు గూడ్స్ వ్యాగన్ ఒకటి ఉంది. పైకప్పు లేని రకం. పెట్టెకు బూడిద రంగు, రెండు పక్కలా తెల్లగా ఎన్.ఎస్.ఆర్. అని ఇంగ్లీషు అక్షరాలు, కింద హార్న్‌బీ (ఇంగ్లండు బొమ్మ రైళ్లు) అడుగు, అంటే పెట్టెను మోసే కింది భాగం, చక్రాలు. అమ్మే ఆయన చెప్పే కథ ఇదీ: నిజాం రైల్వే పేరుతో ఒక వ్యాగన్ తీద్దామని హార్న్‌బీ వాళ్లు అనుకున్నారట, లివర్‌పూల్ నుంచి పైలట్ పీస్ (అమ్మకానికి ముందు ఫ్యాక్టరీ పరీక్షగా తీసేది) ఒకటి పంపారట, ఆర్డరు కుదరక అక్కడితో ఆగిపోయిందట. పెట్టెను అడుగుకు మెకానో (హార్న్‌బీ వాళ్లదే, పట్టీలు బోల్టులతో బిగించి ఆడుకునే సెట్) బోల్టులతో బిగించారు కాబట్టి ఇది 1920 నాటి తొలి సరుకు అని కూడా అంటున్నారు. ధర ₹85,000.

నా దగ్గర ఉన్నవన్నీ మామూలు బండ్లే. ప్రోటోటైప్, పైలట్ మోడళ్ల జోలికి ఎప్పుడూ పోలేదు. ఫోటోలు పెట్టాను. ఆదివారం లోపు తేల్చమంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

జుమ్మెరాత్_భాయ్
తీసుకో భాయ్. జుమ్మెరాత్ బజార్‌లో ఇన్నేళ్లుగా తిరుగుతున్నా, ఎన్.ఎస్.ఆర్. అని రాసిన రేకు బండి ఒక్కటి కంటపడలేదు. ఇంకోటి దొరకదు. దొరకని దానికి ధర నువ్వు పెట్టేదే.

అబిడ్స్_ఆదివారం
దొరకనంత మాత్రాన పైలట్ అయిపోదు. మా మేనల్లుడు వేసిన బొమ్మ కూడా ప్రపంచంలో ఒక్కటే ఉంది.

కథలో సగం నిజం, అందుకే అది నమ్మబుద్ధేస్తోంది. 1920లో వచ్చిన మొదటి హార్న్‌బీ బండ్లు మెకానో పద్ధతిలోనే నట్లు, బోల్టులతో విప్పి బిగించుకునేలా ఉండేవి. ఇది అబద్ధం కాదు. పరాయి దేశాల రైల్వేల పేర్లతో వ్యాగన్లు తీసిందీ నిజమే. అర్జెంటీనాకు ఎఫ్.సి.ఎస్., ఎఫ్.సి.ఓ. లాంటి అక్షరాలతో పంపారు, ఇప్పుడు వాటికి మంచి గిరాకీ ఉంది. బ్వేనస్ ఐరిస్‌కు పంపినవాళ్లు హైదరాబాద్‌కు ఎందుకు పంపరు అని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ మీ మూడో ఫోటో చూడండి. అడుగుకు రెండు చివరలా ఉన్నవి ఆటోమేటిక్ కప్లింగులు. వాటంతట అవే తగులుకునే ఆ కప్లింగులు 1930ల ఆరంభంలో వచ్చాయి. అంతకు ముందు వేలాడే లింకులే. 1920 బోల్టు పద్ధతి, 1930ల అడుగు ఒకే పైలట్ పీస్‌లోకి ఎలా వచ్చాయో అమ్మే ఆయన్ని అడగండి.

కీబండి_నల్లకుంట
అడిగాను. "అడుగు తర్వాత మార్చి ఉంటారు" అన్నారు.

అబిడ్స్_ఆదివారం
అడుగు మారిస్తే ఇక హార్న్‌బీది అనడానికి మిగిలిందేమిటి? హార్న్‌బీ గుర్తు ఉన్నది ఆ అడుగు మీదేగా!

లూప్‌లైన్
నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను, బొమ్మల రైళ్ల సంగతి నాకు అంతగా తెలియదు. అక్షరాల గురించి మాత్రం చెప్పగలను. వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను పడింది 1874లో. ఆ తర్వాత 1880లలో లైను కంపెనీ చేతికి వెళ్లి నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అయింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి దాన్ని కొనేసింది. అప్పుడు గ్యారంటీడ్ మాట పోయి నిజామ్స్ స్టేట్ రైల్వే అయింది. దేశంలో రైల్వేలన్నీ కలిసిపోయేదాకా ఆ పేరే. అంటే ఎన్.జి.ఎస్.ఆర్. కాకుండా ఎన్.ఎస్.ఆర్. అని ఉందంటే 1930 తర్వాతి మాట. అడుగు కాలానికి ఇది సరిపోతోంది. 1920 కథకే సరిపోవట్లేదు.

మూడోపట్టా
లైనెల్ (అమెరికా బొమ్మ రైళ్ల కంపెనీ) వైపు నుంచి నా రెండు ముక్కలు. పైలట్లు, ప్రోటోటైప్‌ల పిచ్చి అమెరికాలో మహా ముదిరింది. 1957లో లైనెల్ ఆడపిల్లల కోసమని గులాబీ రంగు ఇంజనుతో ఒక సెట్ తీసింది. దుకాణాల్లో ఎవరూ కొనలేదు, ఇప్పుడు దాని కోసం కొట్టుకుంటున్నారు. దానికి జోడీగా మగపిల్లలకు నీలం సెట్ అనుకుని, నమూనాల దగ్గరే ఆపేశారు. అలాంటి ఒక్కో పీస్‌కు వచ్చే ధర వింటే కళ్లు తిరుగుతాయి. 6464 నంబరు బాక్స్ కార్లకు (పైకప్పున్న వ్యాగన్లు) కూడా రంగు శాంపిల్స్ ఉన్నాయి. ఫ్యాక్టరీలో ఈ రంగు బాగుంటుందా, ఆ రంగు బాగుంటుందా అని వేసి చూసుకున్నవి.

అసలు సిసలు రేకు కావాలంటే స్టాండర్డ్ గేజ్‌లో (లైనెల్ పెద్ద బొమ్మ రైళ్ల కొలత) సూపర్ 381 కథ వినండి. 1920ల చివర లైనెల్ అమ్మిన పెద్ద ఎలక్ట్రిక్ ఇంజను 381. దానికన్నా పెద్దది ఒకటి నమూనాగా చేయించి, అమ్మకానికి తేకుండానే వదిలేశారు. దశాబ్దాల తర్వాత ఎం.టి.హెచ్. అనే మరో బొమ్మ రైళ్ల కంపెనీ వాళ్లు దాన్ని చూసి కొత్తగా తయారుచేసి అమ్మారు. ఆ కాలంలో లైనెల్ డైలు (రేకును కోసి మలిచే ఉక్కు అచ్చులు), నమూనాలు చాలావరకు ఇటలీలో, నేపుల్స్‌లోని లా ప్రెసీసా వర్క్‌షాపులో తయారయ్యేవి. బొమ్మ అమెరికాది, పురుడు పోసింది ఇటలీవాళ్లు.

అబిడ్స్_ఆదివారం
6464 ప్లాస్టిక్ పెట్టె అండీ. ఇది రేకు బండ్ల విభాగం.

మూడోపట్టా
మూడు పట్టాల మీద నడిచేదంతా అమెరికాలో టిన్‌ప్లేట్ (రేకు బండ్లు) కిందే లెక్క. ఈ గొడవ పోయినేడాదే ఒక దారంలో (థ్రెడ్‌లో) కొట్టుకున్నాం, మళ్లీ వద్దు.

బాలానగర్_డైమేకర్
ఫోటోలు ఇప్పుడే పెద్దవి చేసి చూశాను. రిటైరయ్యేదాకా నా పని ప్రెస్ టూల్స్‌తోనే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

ఫ్యాక్టరీలో కొత్త రేకు బొమ్మ మొదలుపెడితే, ముందు చెక్కతోనో ఇత్తడితోనో రేకుతోనో చేత్తో ఒకటి చేస్తారు. ఆఫీసులో టేబుల్ మీద పెట్టుకుని, బాగుందా లేదా, ఎంత ఖర్చవుతుంది అని చూసుకోవడానికి. సరే అనుకున్నాక డై కోస్తారు. డై ప్రెస్ ఎక్కాక మొదట వచ్చేవి ట్రయల్ పీసులు. వాటికి రంగు ఉండదు, చేతికందిన రేకుతో కొడతారు. ఎక్కడ చిరుగుతోంది, ఎక్కడ ముడత పడుతోంది చూసి డై దిద్దుతారు. అంతా కుదిరాక పైలట్ బ్యాచ్. అంటే అసలు డైతో, అసలు లైన్ మీద, రోజూ ఆ పని చేసే మనుషులతోనే కొద్ది పీసులు తీయించడం. బజారుకు వెళ్లే సరుక్కీ, పైలట్ పీస్‌కూ తేడా రంగులో ఉంటుంది, లేదా అక్షరాల్లో, లేదా ఒక బెజ్జం రెండు మిల్లీమీటర్లు జరగడంలో. అంతకు మించి ఉండదు.

కాబట్టి పైలట్ అన్నారంటే దాని మీద డై గుర్తులు ఉండి తీరాలి. చేత్తో చేసిందైతే అది పైలట్ కాదు, నమూనా. నమూనా అయితే అది ఫ్యాక్టరీ లోపల చేసిందని చూపించాలి. రెండు వేరు వేరు ప్రశ్నలు, రెంటికీ వేరు వేరు రుజువులు. అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి, దేనికి రుజువు అడిగితే రెండోది చూపిస్తారు.

రుజువు చూడటానికి పది రెట్ల భూతద్దం చాలు. రేకు అంచును అడ్డంగా చూడండి. డైలో తెగిన అంచులో పైన సన్నగా మెరిసే పట్టీ ఉంటుంది, దాని కింద గరుకుగా విరిగినట్టున్న భాగం ఉంటుంది, బర్ (కోతకు లేచే పదునైన గరుకు) అంచు పొడవునా ఒకే వైపుకు లేచి ఉంటుంది. చేతి కత్తెరతో కోస్తే అలా రాదు. ఒక్కో కాటు ఆగిన చోట చిన్న నొక్కు పడుతుంది, దగ్గరగా చూస్తే అంచు కాస్త అల అల్లాడినట్టు ఉంటుంది. ఇక మూలలు. ఫ్యాక్టరీ వ్యాగన్‌లో రేకు చెవులు గాడిలో దూర్చి మడతపెడతారు, ఎందుకంటే అది క్షణాల్లో అయిపోయే పని. మీ అయిదో ఫోటోలో మూలలకు మాటు (సోల్డరింగ్) వేశారు. మాటు వేయడం నిదానం మీద అయ్యే పని. వేల లెక్కన తీసే బొమ్మకు ఏ ఫ్యాక్టరీ అయినా ఆ పని ఎందుకు పెట్టుకుంటుంది?

ఫోటో మీద తీర్పు చెప్పను. వస్తువు తెండి, చూస్తాను.

ఉప్పల్_కొత్తబండి
సార్, చిన్న డౌట్. ఫ్యాక్టరీ నమూనా అయితే మాటు ఉండొచ్చు కదా? మీరే చేత్తో చేస్తారన్నారు.

బాలానగర్_డైమేకర్
మంచి ప్రశ్న బాబూ. ఉండొచ్చు. అందుకే చేసినవాడి చెయ్యి ఎలాంటిదో చూడాలి. ఫ్యాక్టరీ నమూనా గది ఫిట్టర్ స్క్రైబర్‌తో గీసి, గీత మీదే కోసి, మాటు ఎక్కువైతే గీకేసి నున్నగా చేస్తాడు. ఆ పని ఆఫీసులో పెద్దలు చూస్తారు మరి. రేకు డబ్బాలు చేసే పనివాడి చెయ్యి వేరు. అతనిది కంటి కొలత, అంచు లోపల తీగ పెట్టి చుట్టడం, నవాసాగరం పెట్టి ధారాళంగా మాటు. తక్కువ పనితనం అని కాదు. నీళ్ల బకెట్ కారకుండా చేసే పద్ధతి అది.

జింక్‌వైట్
నేను పెయింట్ల ల్యాబ్‌లో పనిచేస్తాను. అక్షరాల మీద అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి చూడండి అన్నా. చీకటి గదిలో. తెల్లరంగు పసుపు ఆకుపచ్చ కలిసినట్టు వెలిగితే అది జింక్ ఆక్సైడ్ తెలుపు కావచ్చు. నల్లగా, మొద్దుగా ఉండిపోతే టైటానియం తెలుపు అని అనుమానించాలి. ఇప్పుడు డబ్బాల్లో దొరికే తెల్లరంగంతా దాదాపు టైటానియమే. అలాగని పసుపుగా వెలగ్గానే సంబరపడకండి. జింక్ తెలుపు ఇప్పటికీ దొరుకుతుంది. ఈ పరీక్ష కొత్తరంగును పట్టిస్తుంది, పాతరంగుకు సర్టిఫికెట్ ఇవ్వదు.

ఇంకోటి, హార్న్‌బీ ఆ కాలపు వ్యాగన్ల మీద అక్షరాలు ఎక్కువగా ట్రాన్స్‌ఫర్లు, అంటే అంటించినవి. చుట్టూ సన్నగా వార్నిష్ అంచు కనిపిస్తుంది. మీ ఫోటోలో 'ఎస్' కింది వంపులో కుంచె వెంట్రుక గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఒక పక్క 'ఆర్' కాలు పొడుగు, రెండో పక్క పొట్టి.

జుమ్మెరాత్_భాయ్
పైలట్ కాబట్టి చేత్తో రాశారు! ఒక్క వ్యాగన్ కోసం ట్రాన్స్‌ఫర్లు ఎవడు అచ్చేయిస్తాడు?

జింక్‌వైట్
ఆ పాయింట్ బాగుంది భాయ్, నిజంగానే. రంగు శాంపిల్స్ మీద చేతిరాత ఉండటం మామూలే. కాకపోతే రాసేది అక్షరాలు రాయడమే వృత్తిగా ఉన్నవాళ్లు. ఇక్కడ రెండు పక్కలా రెండు రకాల 'ఆర్' ఉంది.

మూడోపట్టా
రంగుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. నాకు తెలిసినాయన విదేశీ వేలం సైట్‌లో ఒకరి దగ్గర "ఫ్యాక్టరీ కలర్ శాంపిల్" అని ప్లాస్టిక్ పెట్టె కొన్నాడు. మామూలు పెట్టెకు రసాయనం పట్టించి రంగు మార్చారు. లోపలి వైపు, స్క్రూ బెజ్జం గోడలో పాత రంగు అలాగే ఉంది. పంపించాక డబ్బు తిరిగి రాలేదు. ప్రోటోటైప్ కొనేటప్పుడు చూడాల్సింది లోపలి వైపే. బయటి వైపు మనకు చూపించడం కోసమే ఉంటుంది.

కీబండి_నల్లకుంట
అమ్మే ఆయన్ని ఒప్పించి, వ్యాగన్‌తో పాటు ఆయన్నీ బాలానగర్ తీసుకెళ్లాను. డైమేకర్ గారు వాళ్లింట్లో టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, టీ కూడా ఇవ్వకుండా మొదలుపెట్టారు (తర్వాత ఇచ్చారు). ఆయనే రాస్తానన్నారు, నేను చూసింది మాత్రం చెప్తాను.

నాలుగు బోల్టులు విప్పి పెట్టెను అడుగు నుంచి వేరు చేశాం. పెట్టె అడుగున, ఎప్పుడూ వెలుగు చూడని వైపు, నల్లరంగు పలచగా వేశారు. ఒక మూల ఆ నలుపు పెచ్చులూడి, కింద పసుపు, ఎరుపు అచ్చు బయటపడింది. ఏదో డబ్బా మీది ఇంగ్లీషు అక్షరాలు, సగానికి కోసేసి, తలకిందులుగా. అమ్మే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

బాలానగర్_డైమేకర్
అంచులు నాలుగూ చేతి కత్తెర కోతలే. పై అంచులో తీగ పెట్టి చుట్టారు. మాటు ధారాళంగా పోశారు, గీకలేదు. లోపలి మూలల్లో మాటు చుట్టూ పచ్చగా, తెల్లగా పట్టింది ఉంది, ఫ్లక్స్ (మాటు అంటుకోవడానికి పూసే మందు) సరిగా కడగకపోతే అలా వస్తుంది.

బోల్టుల బెజ్జాలు ఆసక్తిగా ఉన్నాయి. వెర్నియర్‌తో కొలిస్తే పొడవున మధ్యకు మధ్య 63.5 మి.మీ. అంటే సరిగ్గా రెండున్నర అంగుళాలు. మెకానో పట్టీల్లో బెజ్జాల మధ్య దూరం అరంగుళం, అయిదు గళ్లు లెక్కేసుకోండి. మెకానో పట్టీని పెట్టె మీద పెట్టి, అదే గేజీగా బెజ్జాలు గుర్తుపెట్టి కొట్టారు. బోల్టులు 5/32 అంగుళం విట్‌వర్త్, అంగుళానికి 32 మరలు. అసలైన మెకానో బోల్టులే, సందేహం లేదు. కానీ మెకానో సెట్లు ఆ రోజుల్లో మన ఊళ్లలోనూ అమ్మేవాళ్లు. బోల్టు లివర్‌పూల్‌ది అయితే, బిగించిన చెయ్యి కూడా లివర్‌పూల్‌దే కానక్కర్లేదు.

అడుగు మాత్రం నిక్కమైన ఫ్యాక్టరీ సరుకు. డై గుర్తులు చక్కగా ఉన్నాయి. హార్న్‌బీ సొంత పెట్టె బిగించడానికి పెట్టిన గాడులు ఖాళీగా అలాగే ఉన్నాయి, చెవులు మడిచి విప్పిన గీరలతో సహా. అంటే ఈ అడుగు మీద ఒకప్పుడు మామూలు హార్న్‌బీ పెట్టె ఉండేది. అది పోయాక, ఎవరో దీన్ని చేసి పెట్టారు.

నా మాట: పైలట్ కాదు, ఫ్యాక్టరీ నమూనా కాదు.

అబిడ్స్_ఆదివారం
డబ్బా రేకు ఒక్కటే ఆధారం అయితే నేను ఒప్పుకునేవాణ్ని కాదు. యుద్ధం అయిన కొత్తలో జపాన్‌లో ఫ్యాక్టరీలే పాత డబ్బాల రేకుతో బొమ్మలు తీశాయి, తిప్పి చూస్తే లోపల పాత అచ్చు కనిపిస్తుంది. కానీ ఖాళీ గాడుల తర్వాత ఇంకేం మాట్లాడతాం?

లూప్‌లైన్
నాకైతే ఇది ఇంకా బాగుందనిపిస్తోంది! లాలాగూడ వర్క్‌షాప్ 1893 నుంచీ ఉంది. నిజాం రైల్వే వ్యాగన్లు బాగయ్యేది అక్కడే. వర్క్‌షాప్ ఫిట్టర్ ఎవరో పిల్లాడి కోసం పగలు చేసే పనినే రాత్రి చిన్నగా చేసి ఉంటాడు. పెట్టె నిష్పత్తి చూడండి, ఇంగ్లండు వ్యాగన్ కన్నా వెడల్పు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ., వాళ్లది 1,435. చూసి చేసినవాడే అలా చేస్తాడు. లాలాగూడ పీస్ అని పేరు పెట్టొచ్చు.

జుమ్మెరాత్_భాయ్
లాలాగూడ పీస్! ఆ పేరుతో అయితే ₹50,000కి నేను అమ్మిపెడతా.

బాలానగర్_డైమేకర్
లూప్‌లైన్ గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. లివర్‌పూల్ కథకు కాగితం లేదని కొట్టేశాం. లాలాగూడ కథకు కాగితం ఎక్కడుంది? కథ మన ఊరిదైతే రుజువు అక్కర్లేదా?

పైగా పనితనం చూస్తే రైల్వే ఫిట్టర్‌ది కాదు. వర్క్‌షాప్‌లో అప్రెంటిస్ చేసినవాడు బెజ్జాలకు మెకానో పట్టీ వాడడు, సెంటర్ పంచ్ కొట్టి డ్రిల్ వేస్తాడు. ఇక్కడ బెజ్జాలు మేకుతో పొడిచి, లోపలి వైపు లేచిన రేకును సుత్తితో అణిచారు. ఇక వెడల్పు సంగతి: డబ్బాను నిలువునా విప్పితే వచ్చే రేకు ఎంత వెడల్పుంటే పెట్టె అంత వెడల్పు వస్తుంది. దానికి బ్రాడ్‌గేజ్‌తో పని లేదు.

లూప్‌లైన్
లాలాగూడ అనేది ఊహేనండీ, రుజువు అనలేదు. కానీ ఎన్.ఎస్.ఆర్. అని రాసినవాడికి రైల్వేతో ఏదో ఒక సంబంధం ఉందనే నా నమ్మకం.

జింక్‌వైట్
అప్పట్లో సికింద్రాబాద్‌లో ఉన్న ఏ పిల్లాడికైనా రైల్వేతో అంత సంబంధం ఉంటుంది అన్నా. రోజూ కళ్ల ముందు పోయే వ్యాగన్ల మీద ఆ అక్షరాలే కదా.

టార్చ్ పరీక్ష: కీబండి గారు వీడియో పంపారు. అక్షరాలు పసుపు ఆకుపచ్చగా వెలిగాయి. బూడిద రంగులో ఎక్కడా ప్యాచ్ లేదు. పెట్టె, అక్షరాలు ఒకే కాలానివి అయ్యుండొచ్చు, ఈమధ్య ఎవరో దిద్దినట్టు కనిపించట్లేదు. మోసం చేద్దామని చేసిన వస్తువు కాదు ఇది. దానికి తగిలించిన కథే తేడా.

ఉప్పల్_కొత్తబండి
దారం మళ్లిస్తున్నందుకు సారీ. చక్రాలకు సన్నగా పగుళ్లు కనిపిస్తున్నాయి మూడో ఫోటోలో. ఫెవిక్విక్ వేస్తే ఆగుతాయా?

అబిడ్స్_ఆదివారం
ఏమీ వేయకు నాయనా! అది మజాక్ జబ్బు. జింక్, అల్యూమినియం కలిపి పోతపోసేటప్పుడు సీసం మలినంగా చేరితే, లోహం లోపలి రేణువుల మధ్య తుప్పు మొదలై ఉబ్బి పగులుతుంది. యుద్ధానికి ముందరి పోతల్లో చాలా మామూలు. తేమ ఉంటే ఇంకా తొందర. జిగురు వేసినా లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది. కొత్త చక్రాలు వేసి నడుపుకో, పాతవి కవర్లో పెట్టి పేరు రాసి దాచు. అసలు చక్రాలు ఉన్నాయా అని రేపు ఎవరైనా అడుగుతారు.

మూడోపట్టా
ఇక పైలట్లే కావాలనుకుంటే విదేశాల నుంచి తెప్పించుకోవాలి. అక్కడ ఇంకో తలనొప్పి ఉంది, కొత్తవాళ్లు ముందే తెలుసుకోండి. మన దగ్గర బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. కొనేముందు ఇప్పటి రేటు కస్టమ్స్ ఏజెంటును అడగండి. దొరికిన వస్తువు కన్నా సుంకం బాధించిన సందర్భాలు చూశాను. పురావస్తు చట్టం 1972 ప్రకారం వందేళ్లు దాటినవి పురావస్తువుల లెక్క, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఇవాళ 1930ల బండికి ఆ గొడవ లేదు. కానీ 1900ల నాటి జర్మనీ కంపెనీలు మార్క్‌లిన్, బింగ్ బండ్లు ఇక్కడి పాత ఇళ్లల్లో దొరికి, బయట అమ్ముదామనుకుంటే జాగ్రత్త.

ఇంకో మాట. 2005 జనవరిలో జర్మనీలోని గొప్పింగెన్‌లో మార్క్‌లిన్ మ్యూజియంలోనే దొంగలు పడ్డారు. అరుదైన పాత బండ్లు ఎత్తుకెళ్లారు, ఆ ఏడాదే చాలావరకు తిరిగి దొరికాయి. ఒక్కటే ఉన్న వస్తువు మీ దాకా వస్తే, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడగడం మర్యాద తక్కువ పని కాదు.

కీబండి_నల్లకుంట
బేరం తెగింది. ₹9,000. అందులో సగం పైగా అడుగుకే, పగిలిన చక్రాలతో సహా. అమ్మే ఆయన కూడా చివరికి సౌమ్యంగానే ఉన్నారు. ఆ కథ తనకు సామాను అప్పగించినవాళ్లు చెప్పిందేనట. వాళ్లకు ఫోన్ చేయించాను. ఇంటి పెద్దాయన రైల్వే కాదు, బట్టల వ్యాపారం. వ్యాగన్ ఎవరిదో, ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. "చిన్నప్పటి నుంచీ అటక మీద ఉంది" అన్నారు, అంతే.

జుమ్మెరాత్_భాయ్
మీరు నోరు మూసుకుని ఉంటే పైలట్‌గానే ఎవడో ₹1,00,000 ఇచ్చేవాడు. సత్యహరిశ్చంద్రులంతా ఇక్కడే చేరారు.

బాలానగర్_డైమేకర్
కీబండి గారూ, రసీదులో ఏం రాయించారు? ముఖ్యం అది. "హార్న్‌బీ వ్యాగన్" అని మాత్రం రాస్తే, పదేళ్లకు మీ పిల్లలు అమ్మేటప్పుడు పైలట్ మళ్లీ లేచి కూర్చుంటుంది.

కీబండి_నల్లకుంట
"హార్న్‌బీ ఓ గేజ్ అడుగు, 1930లు, దాని మీద డబ్బా రేకుతో చేత్తో చేసిన పెట్టె, స్థానికం, చేసినవారు తెలియదు" అని రాయించి సంతకం పెట్టించాను. విప్పినప్పటి ఫోటోలు, మీ కొలతలు ప్రింట్ తీసి పెట్టెలోనే పెడుతున్నాను. పచ్చగా పట్టిన ఫ్లక్స్‌ను ఏం చేయమంటారు?

జింక్‌వైట్
మెత్తని కుంచెతో పొడిగా దులపండి, చాలు. మాస్క్ పెట్టుకుని చేయండి, మాటులో సీసం ఉంటుంది. నీళ్లు, వెనిగర్, నిమ్మకాయ లాంటి యూట్యూబ్ చిట్కాలు వద్దు. అచ్చు కనిపించే ఆ మూల మీద ఏదీ పూయకండి. మనకున్న గట్టి ఆధారం అదే.

నిర్వాహకుడు
ఈ దారాన్ని "ప్రోటోటైప్‌లు, పైలట్లు" నుంచి "స్థానిక చేతిపని" విభాగానికి మారుస్తున్నాను. అంచులు, చెవులు, బెజ్జాల గురించి డైమేకర్ గారు రాసిన రెండు పోస్టులను మాత్రం పాత విభాగంలో పైన అతికించాను. అక్కడ కొత్తగా ఏదైనా పెట్టే ముందు చదవండి, లోపలి వైపు ఫోటో లేకుండా పెట్టకండి.

జుమ్మెరాత్_భాయ్
చేతిపని విభాగంలో రేట్లు పలకవు సార్. పాపం, అక్కడికి తోశారు.

కీబండి_నల్లకుంట
నేను అమ్మట్లేదు కదా భాయ్. చక్రాలు మాత్రం కావాలి. జుమ్మెరాత్ బజార్‌లో హార్న్‌బీ చక్రాల జతలు రెండు కనపడితే ఫోన్ చెయ్యి.